అత్తగారి పెట్టెలోని పాత నోటు



మనలో చాలామంది ఇళ్ళల్లో ఓ పాత ట్రంకు పెట్టె ఉంటుంది. అడుగున ఎండిన వేపాకు, ఆ పైన అత్తగారి పెళ్ళినాటి చీర, చీర మడతలో ఎప్పుడో దాచి మరిచిపోయిన ఓ నోటు. ఆ నోటు బయటపడ్డ రోజున ఇంట్లో అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఇది ఇప్పుడు ఎంత చేస్తుంది?" నేనైతే అంతకుముందు ఇంకో ప్రశ్న అడగమంటాను. "ఇది ఎలా అచ్చయింది?" ఈ ప్రశ్నకు జవాబు దొరికితే అది ఏ కాలంలో అచ్చయింది, ఎవరికి భయపడి అలా అచ్చు వేశారు అన్నవి కూడా బోధపడతాయి. అది అసలుదో నకిలీదో కూడా కొంతవరకు తేలుతుంది. ఇదంతా తెలియని ఆడవాళ్ళను మోసం చేసేవాళ్ళు ఈ రోజుల్లో తక్కువేమీ లేరు గనుక, ఇవాళ ఈ సంగతులే చెప్పుకుందాం.

మా వాకాడుకు దగ్గరలోనే సముద్రపు ఒడ్డున దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ఆర్మగాం అనేవారు. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మచిలీపట్నం నుంచి వచ్చి అక్కడ ఓ వర్తకస్థానం పెట్టుకుని, దానికి ఫిరంగుల కాపలా కూడా పెట్టుకున్నారు. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయనే, మంచి బట్ట చవగ్గా దొరికే చోటు కోసం దక్షిణంగా వెళ్ళి, 1639లో మద్రాసు స్థలానికి కౌలు సంపాదించాడు. అంటే మద్రాసుకు పునాది రాయి ఒక విధంగా మన ఒడ్డు నుంచే వెళ్ళిందన్నమాట. ఆ తరవాత రెండు వందల ఏళ్ళకు పైగా గడిచాక మన నెల్లూరు జిల్లాకు కాగితం డబ్బు వచ్చింది ఆ మద్రాసు నుంచే.

అంతవరకూ మనవాళ్ళకు డబ్బంటే వరహాలు, పణాలు, కాసులు, వెండి రూపాయలు. బంగారమైతే గీటురాయి మీద గీసి చూసేవారు. రూపాయయితే బండ మీద మోగించి వినేవారు. మరి కాగితాన్ని ఎలా గీస్తాం? ఎలా మోగిస్తాం? అదే వచ్చింది చిక్కు! లోహానికి ఉన్న విలువ కాగితానికి లేదు. ఆ నమ్మకాన్నంతా అచ్చులోనే పెట్టాలి. అందుచేత నోటుకు అచ్చే గీటురాయి. నోట్ల చరిత్ర అంటారా, అచ్చువేసే సర్కారుకూ, దొంగ అచ్చు వేసేవాడికీ నూటయాభై ఏళ్ళకు పైగా సాగుతున్న పోటీయే అది.

అచ్చులో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. పేర్లు ఇంగ్లీషువే గాని, పని మనకు కొత్త కాదు.

మొదటిది లెటర్‌ప్రెస్సు. అక్షరం ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తుకు సిరా పూసి కాగితం మీద నొక్కుతారు. మచిలీపట్నం కలంకారీ అద్దకంలో చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు చూడండి, అచ్చం అదే. నొక్కినప్పుడు సిరా కాస్త అంచులకు చిందుతుంది. కనుక భూతద్దంతో చూస్తే అక్షరం అంచున ముదురు గీత కనిపిస్తుంది. నోటు వెనుక తడిమితే నొక్కు తగులుతుంది. నోటు మీది వరుస నంబర్లు సాధారణంగా ఈ పద్ధతిలోనే, అన్ని అచ్చులూ అయ్యాక చివర్న వేస్తారు.

రెండోది దీనికి సరిగ్గా తలకిందులు. దీన్ని ఇంటాగ్లియో అంటారు. రేకు మీద బొమ్మను లోతుగా చెక్కుతారు. సిరా పూసి, పైపైన తుడిచేస్తారు. గాడిలో ఉన్న సిరా మాత్రం నిలుస్తుంది. మన ఇత్తడి బిందెల మీద పేర్లు చెక్కిస్తాం కదా! చింతపండూ బూడిదా పెట్టి తోమి కడిగాక కూడా ఆ అక్షరాల్లో బూడిద తెల్లగా నిలిచిపోతుంది. ఇదీ అంతే. ఆ రేకు మీద కాగితం పెట్టి బలంగా నొక్కితే, గాడిలోని సిరా పైకి లేచి కాగితానికి గట్టులా అంటుకుంటుంది. కొత్త నోటు మీద గోటితో మెల్లగా రాస్తే గరగరమంటుందే, అదే ఇది. సన్నని గీతలు, దట్టమైన నీడలు, బతికున్నట్టుండే ముఖం ఈ అచ్చులోనే బాగా వస్తాయి.

మూడోది ఆఫ్‌సెట్. ఇందులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. బొమ్మ ముందు రబ్బరు మీదికి, ఆ రబ్బరు మీంచి కాగితం మీదికి దిగుతుంది. మీ నుదుటి తడి బొట్టు చంటిబిడ్డ బుగ్గకు అంటుకున్నట్టు! తడిమితే నున్నగా ఉంటుంది. లేత రంగులు, నోటు నిండా పరుచుకునే వెనకటి అల్లికలు దీనికి బాగా కుదురుతాయి.

ఇక కాగితంలోనే ఉండే నీటిగుర్తు సంగతి. అది అచ్చు కాదు. కాగితం ఇంకా తడి గుజ్జుగా ఉన్నప్పుడే దాన్ని ఏర్పరుస్తారు. గుజ్జు పలచబడ్డ చోట వెలుతురు, మందమైన చోట నీడ. కాళహస్తి కలంకారీలో బొమ్మ గుడ్డ మీద రాస్తారు. వెంకటగిరి జాందానీ చీరలో బుటా మాత్రం నేతలోనే పుడుతుంది. అచ్చుకూ నీటిగుర్తుకూ ఉన్న తేడా అదే. చీరలు కొనడంలో మనకున్న కంటిని నోటు మీదికి మళ్ళిస్తే చాలు, ఈ విద్య సగం వచ్చినట్టే.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. 1861లో పేపర్ కరెన్సీ చట్టం వచ్చి, నోట్లు వేసే హక్కు ప్రభుత్వానికే దఖలుపడింది. అంతకుముందు ఆ పని కొన్ని బ్యాంకులు చేసేవి. ఈ పథకం తలపెట్టిన జేమ్స్ విల్సన్ అనే ఆర్థిక సభ్యుడు అది చట్టం కాకముందే, 1860లో కన్నుమూశాడు. మొదట వచ్చినవి విక్టోరియా రాణి బొమ్మ ఉన్న నోట్లు. పది, ఇరవై, యాభై, నూరు, వెయ్యి. ఇంగ్లండులో చేతి అచ్చులతో తయారైన తెల్ల కాగితం, ఒక వైపే అచ్చు, రెండు భాషల పట్టీలు. ఇప్పటి కంటికి ఏదో దస్తావేజు కాగితంలా ఉంటుంది. నీటిగుర్తు, సంతకం, నంబరు, ఈ మూడే కాపలా. దొంగ నోట్లు విపరీతంగా వచ్చిపడటంతో ఆ నోట్లను ఎత్తేయవలసి వచ్చింది.

ఎందుకొచ్చాయి అన్ని దొంగ నోట్లు? ఆ రోజుల్లో ఫొటోగ్రఫీ కొత్తగా వ్యాపిస్తోంది. నలుపు మాత్రమే ఉన్న అచ్చుకు ఫొటో తీసి రేకు చేసుకోవడం తేలిక. అందుకని అన్ని దేశాల ముద్రాపకులూ నలుపు కింద ఇంకో రంగు పరచడం మొదలుపెట్టారు. అమెరికాలో 1860లలో నోటు వెనక ఆకుపచ్చ అచ్చు వేస్తే, జనం దానికి 'గ్రీన్‌బ్యాక్' అని పేరే పెట్టేశారు. మన దేశంలో 1867 నుంచి వచ్చిన నోట్లలోనూ ఇదే చూస్తాం. పైన నల్లని రాత, దాని కింద రంగు అల్లిక. రాణి బొమ్మ పోయింది. జనం అడగగా అయిదు రూపాయల నోటు కూడా వచ్చింది.

ఆ అల్లికను గిలోష్ అంటారు. యంత్రం తిప్పి గీసిన సన్నని మెలికల గీతలు. సంక్రాంతి నెలలో మనం వేసే మెలికల ముగ్గు తలుచుకోండి. చుక్కల చుట్టూ గీత ఎక్కడా తెగకుండా తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. చెయ్యి తిరగని వాళ్ళు వేస్తే ఎక్కడో ఓ మెలిక తప్పుతుంది, చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. దొంగ నోటు వేసేవాడు తప్పేది కూడా అక్కడే. గీత మధ్యలో తెగుతుంది, లేదా రెండు గీతలు కలిసి మచ్చ పడుతుంది.

ఈ నోట్లలో ముందు ఆకుపచ్చవి వచ్చాయి. వాటి మీద నాలుగు భాషలు. ఏ సర్కిల్ నోటు అయితే ఆ ప్రాంతపు భాషలు. తరవాత వచ్చిన ఎర్ర నోట్ల మీద ఎనిమిది భాషలు, అందులో మన తెలుగు ఒకటి. సర్కిల్ అంటే ఏమిటంటారా? ఆ రోజుల్లో ఒక సర్కిల్‌లో ఇచ్చిన నోటు చట్టప్రకారం ఆ సర్కిల్‌లోనే చెల్లేది. మనది మద్రాసు. కలకత్తా నోటు పట్టుకుని నెల్లూరు వస్తే, దానికి వెండి రూపాయలు ఇచ్చి తీరాలన్న పూచీ ఎవరికీ లేదు. 1903 నుంచి 1911 లోగా అయిదు, పది, యాభై, నూరు రూపాయల నోట్లను దేశమంతటా చెల్లేట్టు చేశారు. అందుకే పాత నోటు మీద ఊరి పేరు ఉంటే సేకరణదారులు దాన్ని ముందు చూస్తారు. నోటు ఒకటే అయినా ఊరు మారితే వెల మారిపోతుంది.

ఇంకో చిత్రం చూడండి. ఆ కాలపు నోట్లు కొన్ని సగానికి తెగి, మళ్ళీ అతికించి కనిపిస్తాయి. పిల్లలు చింపారనుకునేరు! దూరాన ఉద్యోగం చేసే మగవాళ్ళు ఇంటికి డబ్బు పంపాలంటే టపాలో దొంగల భయం. అందుకని నోటును రెండు ముక్కలు చేసి, ఒక ముక్క ముందు పంపేవారు. అది చేరినట్టు ఇంటి దగ్గర్నుంచి జాబు వచ్చాక రెండో ముక్క పంపేవారు. రెండు ముక్కల మీదా నంబరు ఉండేది గనుక జత కుదిరేది. ఆ మొదటి సగం అందుకుని, రెండో సగం కోసం టపా బంట్రోతు దారి చూసిన ఇల్లాళ్ళు ఎందరో! ఆ అతుకు కూడా చరిత్రే. దాన్ని విప్పకూడదు.

మొదటి ప్రపంచయుద్ధంలో వెండి కరువైంది. రూపాయి నాణేలకు వెండి చాలక 1917 నవంబరు 30న రూపాయి నోటు తెచ్చారు. ఆ తరవాత రెండున్నర రూపాయల నోటు. అవును, రెండు రూపాయల ఎనిమిదణాలకు ఓ నోటు! అయిదో జార్జి ముఖం నోటు మీదికి వచ్చింది వీటితోనే. ఆ రూపాయి నోట్లు చెక్కుబుక్కుల్లా పాతికేసి కలిపి కుట్టిన పుస్తకాలుగా వచ్చేవి, ఒక్కొక్కటి చింపి ఇచ్చేవారు. కాబట్టి ఎడమ అంచున చిల్లుల వరుస ఉన్నా అది లోపం కాదు, పుట్టుమచ్చ. వీటికి ఖర్చు గిట్టక 1926 జనవరి 1 నుంచి ఆపేశారు.

అప్పట్లో మన నోట్లు అచ్చయ్యేది ఇంగ్లండులో. ఓడల్లో రావాలి. 1918 జులై 2న షిరాలా అనే ఓడ, మందుగుండూ మార్మలేడు సీసాలూ నోట్ల కట్టలూ వేసుకుని మన దేశానికి వస్తుంటే, జర్మనీ జలాంతర్గామి దాన్ని ముంచింది. కొన్ని నోట్లు ఇంగ్లండు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చాలావాటిని ధ్వంసం చేశారు. కొన్ని మాత్రం ఎవరెవరి చేతుల్లోనో మిగిలాయి. వాటిలో రెండు పది రూపాయల నోట్లు 2024లో లండనులో వేలానికి వచ్చాయి. ఉప్పునీళ్ళలో మునిగి కూడా అచ్చు చెదరలేదు.

మన తెలుగు నేలకు ఇంకా దగ్గరి కథ ఒకటుంది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1918లో చట్టం చేసి ఉస్మానియా సిక్కా పేరున సొంత నోట్లు వేసింది. ముందు పది, నూరు, 1919లో ఒకటి, అయిదు, 1926లో వెయ్యి. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా వాటి మీద ఉండేవి. వాటినీ మొదట లండనులోనే వాటర్‌లో కంపెనీ అచ్చువేసేది. 1922 మేలో ఈజిప్టు అనే ఓడ మంచులో దారి కానక, ఫ్రాన్సు తీరానికి దూరంగా ఇంకో ఓడను గుద్దుకుని మునిగిపోయింది. అందులో బంగారం, వెండితో పాటు సంతకం పడని నిజాం నోట్లు కూడా ఉన్నాయి. ఇటలీ గజ ఈతగాళ్ళు పదేళ్ళ తరవాత బంగారాన్ని పైకి తీస్తే, దాంతో పాటు ఆ నోట్లూ వచ్చాయి. మరకలు పడ్డ ఆ నోట్లను ఇప్పటికీ ఓడ పేరు చెప్పి అమ్ముతారు. సంతకం లేదు గనుక అది డబ్బు కాలేదు. అచ్చు ఉంది గనుక చిత్తు కాగితమూ కాలేదు.

1923లో రాజు ముఖంతో కొత్త పది రూపాయల నోటు వచ్చింది. 1928లో నాసిక్‌లో ఇండియా సెక్యూరిటీ ప్రెస్ మొదలై, 1932 నాటికి మన నోట్లన్నీ అక్కడే అచ్చయ్యేవి. ఓడల భయం తప్పింది. 1935లో రిజర్వు బ్యాంకు వచ్చింది. దాని మొదటి నోటు, ఆరో జార్జి బొమ్మ ఉన్న అయిదు రూపాయలది, 1938 జనవరిలో వెలువడింది.

అప్పుడొచ్చింది రెండో యుద్ధం. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కోస్తా అంతా హడలిపోయింది. బాంబుల సంగతి అందరికీ తెలుసు గాని, జపాను వాళ్ళు మన నోట్లకు కూడా గొప్ప నకిలీలు వేశారన్నది చాలామందికి తెలియదు. అవి ఎంత బాగా కుదిరాయంటే, మన నీటిగుర్తునే మార్చవలసి వచ్చింది. అంతకుముందు అందులో రాజు పక్కకు తిరిగి ఉండేవాడు. తరవాత ఎదురుగా చూస్తాడు. కాగితంలో భద్రతా దారం నేయడం కూడా మన దేశంలో అప్పుడే మొదలైంది. మీ పెట్టెలో ఆరో జార్జి నోటు ఉంటే వెలుతురుకు పట్టి చూడండి. రాజు పక్కకు చూస్తున్నాడా, మీ వంక చూస్తున్నాడా? ఆ చూపును బట్టి అది యుద్ధపు దెబ్బకు ముందుదో తరవాతదో మీరే చెప్పగలరు.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో రూపాయి నోటు మీద రాజు పోయి నాలుగు సింహాలు వచ్చాయి. 1967లో ఖర్చు తగ్గించడానికి నోట్ల సైజు తగ్గించారు. అంతకుముందు నూరు రూపాయల నోటు చేతిరుమాలులా ఉండేదని పెద్దవాళ్ళు చెబుతారు. 1968లో హోషంగాబాదులో మనం సొంతంగా నోటు కాగితం తయారుచేసుకోవడం, 1970ల మధ్యలో దేవాస్‌లో రెండో అచ్చు కర్మాగారం వచ్చాయి. 1996లో మొదలైన మహాత్మాగాంధీ నోట్లలో, తడిమితే తగిలే గుర్తులు పెట్టారు. ఇవాళ్టి నూరు రూపాయల నోటు మీద త్రికోణం, అయిదు వందల మీద గుండ్రటి గుర్తు వేలికి ఎత్తుగా తగులుతాయి. కళ్ళు లేని వాళ్ళ కోసం పెట్టినవి అవి. దొంగను పట్టడానికి పుట్టిన అచ్చు, చూపులేని తల్లికి చిల్లర సరిచూసుకునే ఆధారమైంది. ఇది నాకు చాలా నచ్చిన సంగతి.

అయితే అచ్చు ఎంత గొప్పదైనా దాని వెనక సర్కారు మాట ఉన్నంతసేపే నోటు డబ్బు. పెద్ద నోట్లను 1946లో ఒకసారి, 1978లో ఒకసారి రద్దుచేశారు. అవి వెయ్యి, అయిదువేలు, పదివేలు వంటివి. మన ఇళ్ళను అంతగా తాకలేదు. 2016 నవంబరు 8 రాత్రి మాత్రం అయిదు వందలు, వెయ్యి రద్దయినప్పుడు తాకింది ఎవరిని? పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీర మడతలో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకుండా దాచుకున్న ఆడవాళ్ళను. పిల్లల ఫీజుకనీ, పుట్టింటికి వెళ్ళేటప్పటి ఖర్చుకనీ దాచిన డబ్బు నలుగురిలో బయటపెట్టవలసి వచ్చింది. అప్పుడు మిగిలిపోయిన నోట్లు ఉంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. 2017 చట్టం ప్రకారం అవి పదికి మించి ఎవరి దగ్గరా ఉండకూడదు. చదువు, పరిశోధన, నాణేల సేకరణ పనుల కోసమైతే పాతిక వరకు ఉండవచ్చు.

ఇక పాత నోటును ఎలా చూసుకోవాలో చెప్పి ముగిస్తాను. మా వీధిలో ఓ పెద్దావిడ దగ్గర యుద్ధకాలపు రూపాయి నోటు ఉండేది. ఎవరో కొంటామంటే, కొత్తదానిలా కనపడాలని మనవరాలు దాన్ని సబ్బునీళ్ళలో ఉతికి, ఇస్త్రీ చేసింది. మురికి పోయింది, నిజమే. కాగితంలోని గంజి కూడా పోయి పాత గుడ్డలా అయింది. రంగు వెలిసింది. అంకెల వెనక తగిలే నొక్కు ఇస్త్రీకి అణిగిపోయింది. చూసినాయన, "అమ్మా, దీన్ని మురికిగా ఇచ్చినా తీసుకునేవాణ్ణి" అన్నాడట. కనుక కడగవద్దు, ఇస్త్రీ వద్దు. చిరుగుకు అంటుకునే టేపు వేయవద్దు, అది కొన్నాళ్ళకు పచ్చబడి మరక అవుతుంది. లామినేషన్ అసలే వద్దు. మెత్తటి చవక ప్లాస్టిక్ సంచులు కూడా అచ్చును తింటాయి. మనలాంటి సముద్రపు గాలి ఊళ్ళల్లో తేమకు గోధుమరంగు చుక్కలు పడతాయి. నోటును మడవకుండా, ఎండ తగలకుండా, పొడిగా ఉంచండి. గుండుసూదులు తీసేయండి. పాత పిన్ను చిల్లులు ఉంటే దిగులు పడకండి. 2001లో రిజర్వు బ్యాంకు వద్దనే దాకా బ్యాంకుల్లో నోట్ల కట్టలకు పిన్నులు కొట్టేవారు.

నంబరులో నక్షత్రం గుర్తున్న నోటు దొంగదని కొందరు చెబుతారు. నమ్మకండి. అచ్చులో పాడైన నోటు బదులు వేసే నోటుకు 2006 నుంచి ఆ గుర్తు పెడుతున్నారు. అది చెల్లుతుంది.

ఆఖరుగా అసలు మాట. "మీ పాత నోటుకు లక్షలిస్తాం, ముందు కమీషను కట్టండి, పన్ను కట్టండి" అని ఫోను చేసేవాళ్ళున్నారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. ఇటువంటి వ్యవహారాలకు తాను ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ, కమీషను అడగననీ రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గాని, మన దగ్గర పుచ్చుకోవడమేమిటి? అమ్మాలనిపిస్తే నోటును ముందు మీరే చదవండి. వెలుతురుకు పట్టండి, వేలితో తడమండి, భూతద్దంతో అంకెల అంచులు చూడండి, తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయో వెతకండి. తరవాత ఇద్దరు ముగ్గురికి చూపించి వెల కనుక్కోండి. అమ్మకపోయినా నష్టం లేదు. మీ అత్తగారు ఆ నోటు ఏ రోజుల్లో, ఏ అవసరానికి దాచి ఉంటారో మీ పిల్లలకు చెప్పడానికి అదే చాలు.